నడిపడవ

ఆ ఏడు ఖుద్దూస్ తాత దగ్గరికి పెంచలనాథ్ ఒకే ఒక్క పనిమీద వచ్చాడు. చావడిలోంచి ఒక మనిషిని తీసేయాలి. దానికి తాత సరే అనాలి.

చావడి అంటే రాళ్ళూ ఇటుకలూ పేర్చి కట్టింది కాదు, ఫోన్లో ఉండే చావడి. ఖుద్దూస్ తాత మాటలంటే ఇష్టమున్నవాళ్ళు ఒకచోట చేరి మాట్లాడుకుంటే బాగుంటుందని పెంచలనాథ్, కామాక్షక్క కలిసి కొన్నేళ్ళ కిందట మొదలుపెట్టారు. తాత ఫకీరు. సముద్రానికీ నేలకీ మధ్యనున్న పెద్ద ఉప్పునీటి సరస్సులో, గవ్వలదిబ్బ అనే చిన్న లంక మీద గుడిసె వేసుకుని ఉంటాడు. ఆయనకు ఫోను లేదు. చావడి గురించి చెప్పినప్పుడు, "నాలుగు మాటలు మాట్లాడుకోండబ్బయా, మంచిదే" అన్నాడు.

మొదట్లో పట్టుమని పదిమంది ఉండేవాళ్ళు. నిజంగానే మాట్లాడుకునేవాళ్ళు. ఒకరు ఒకటంటే ఇంకొకరు కాదనేవాళ్ళు. చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలన్న దగ్గర మొదలై, మనిషికి దేవుడెందుకన్న దగ్గర తేలేది. అలిగి రెండురోజులు మాట్లాడనివాళ్ళు మూడోరోజు వచ్చి, "నిన్న నువ్వన్నది ఆలోచించాను" అని రాసేవాళ్ళు.

తర్వాత జనం పెరిగారు. పదిమంది వందలయ్యారు. కువైట్ నుంచి, బెంగుళూరు నుంచి, ఎక్కడెక్కడినుంచో వచ్చి చేరారు. కాదనేవాళ్ళలో కొందరు విసిగి వెళ్ళిపోయారు, కొందరు చదివి ఊరుకోవడం నేర్చుకున్నారు. పొద్దున లేస్తే దండాల బొమ్మలు, పూల బొమ్మలు. ఎవరేం రాసినా "ఎంత బాగా చెప్పారు" అనే. ఒకాయన పొరపాటున వేలు తగిలి ఒట్టి చుక్క ఒకటి పంపితే దానికీ జనం దండాలు పెట్టారు. ఆ చుక్కలో తనకు శూన్యం కనిపించిందని ఒకామె రాసింది. పాపం ఆయన ఆ చుక్కను తుడిచేయడానికి కూడా మొహమాటపడ్డాడు.

పెంచలనాథ్‌కి ఇదంతా ఎంతో హాయిగా ఉండేది. సూళ్ళూరుపేటలో అతనికి చిన్న కంప్యూటర్ సెంటరు ఉంది. అక్కడ గొడవ, ఇంటికి పోతే గొడవ, టీవీ పెడితే గొడవ. చావడిలో మాత్రం గొడవ లేదు. ఇన్ని వందలమందిని ఒక్క మాట మీద నిలబెట్టానని లోపల్లోపల మురిసిపోయేవాడు.

ఆ మురిపెంలో కామాక్షక్క రాయి వేసింది.

కువైట్‌లో ఉండే ఒకతను, తాత వయసులో ఉండగా సరస్సు మీద నడిచి ఆవలి గట్టుకు పోయాడట అని రాశాడు. ఎవరో, అది పున్నమినాడు అని చేర్చారు. ఇంకెవరో, చేపలు ఆయన వెంట వరసకట్టి ఈదాయని చేర్చారు. మధ్యాహ్నానికల్లా ఆయన పాదాల కింద నీళ్ళు వెలిగాయి కూడా. సాయంత్రం కామాక్షక్క రాసింది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ రోజుల్లో దిబ్బమీదా ఆవలి గట్టుమీదా కాన్పులన్నీ ఆమే చూసేది.

"ఆ పొద్దు ఆయన వెనకాల నడిచింది నేనే. సముద్రం పాటు మీదుంది, నీళ్ళన్నీ వెనక్కి తీసి సరస్సులో చీలమండ దాటలేదు. అవతల ఒక పిల్లకు నొప్పులొస్తున్నాయని నాకు దారి చూపించడానికి వచ్చాడు. అంతదూరం బురదలో నడిచి వచ్చినాడే, అది గొప్ప కాదా? చేపలెందుకు మధ్యలో?"

ఇంకేముంది, చావడి భగ్గుమంది. అసూయ అన్నారు. విశ్వాసం లేదన్నారు. ఎప్పుడు చూసినా ఈమెకు అడ్డం మాట్లాడటమేనన్నారు. తీసేద్దామా అని ఒకరు అడిగితే ఫోన్లో చేతి బొమ్మలన్నీ లేచాయి. పెంచలనాథ్ అందరి చేతులూ చూసి చూసి, చివరికి తనదీ ఎత్తాడు.

ఎత్తాక ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆసుపత్రి వరండాలో తన పక్కన కూర్చున్నది ఈ కామాక్షక్కే. ఒక్క ఓదార్పు మాటైనా అబద్ధంగా అనలేదామె. అందుకే ఆ రోజు ఆమె పక్కన ఏడవగలిగాడు. కానీ అందరూ ఒకటంటుంటే తానొక్కడూ ఏం చేస్తాడు? తాత ఒక్కమాట అంటే, ఆ బరువేదో తాత మీదికి పోతుంది. అతని ఆశ అది.

*

ఏడాదికోసారి చావడివాళ్ళు దిబ్బకు వచ్చి, తాతతో ఒక రోజు గడిపి వెళతారు. ఈసారి నలభైమంది దాకా వచ్చారు. కామాక్షక్క కూడా వచ్చింది. ఆమెను ఎవరూ రావద్దనలేదు, ఎవరూ పలకరించనూ లేదు. వడ్డించేటప్పుడు ఆమె విస్తరి దగ్గర మాత్రం మాటలు ఆగిపోయేవి.

సాయంత్రం పెంచలనాథ్ గుడిసె దగ్గరికి వెళ్ళాడు. తాత అరుగుమీద కూర్చుని, పాతగుడ్డతో లాంతరు గాజుకి పట్టిన మసి తుడుస్తున్నాడు.

"తాతా, చావడిలో అందరిదీ ఒకటే మాట. ఒక్కరిదే వేరే."

"ఎవురా ఒక్కరు?"

"కామాక్షక్క."

"ఏమంటది?"

పెంచలనాథ్ గొంతు తగ్గించాడు. "మీరు నీళ్ళమీద నడవలేదంటది."

తాత గాజులోకి ఊది, మళ్ళీ తుడిచాడు. "ఆ పొద్దు నా లుంగీ అంచు తడిసిందా లేదా అని ఆలోచిస్తుండా. గుర్తు రాలేదబ్బయా. ముసిలోణ్ణి."

"నవ్వులాట కాదు తాతా. ఆమె ఉన్నంతసేపూ చావడిలో ప్రశాంతత ఉండదు. మీరు సరే అంటే తీసేస్తాను. అందరూ అదే అంటున్నారు."

"నువ్వేమంటావు?"

"అందరూ అంటున్నారు కదా."

తాత గాజును లాంతరుకు తగిలించాడు. "రేప్పొద్దున నేను గూడా మీతో అవతలికి వస్తుండా. గట్టున దిగినాక చెప్తాలే."

*

తెల్లవారుజామున బయల్దేరారు. సగం దూరం పోయేసరికి మంచు దిగింది.

మాఘమాసంలో ఆ సరస్సుమీద దిగే మంచు మామూలుది కాదు. ఇప్పటిదాకా ఉన్న గట్టు ఉండదు, ఆకాశం ఉండదు. నీళ్ళు ఎక్కడ ఆగి మంచు ఎక్కడ మొదలైందో తెలియదు. ఎక్కడో కొంగలు అరుస్తాయి, అది పైనుంచో పక్కనుంచో చెప్పలేం. పడవలో కూర్చున్న మనిషికి తన చెయ్యి తనదేనా అనిపిస్తుంది.

అలాంటప్పుడు పడవలు నడపరు. పక్కపక్కన చేర్చి తాళ్ళతో కట్టేసుకుంటారు. నడిపడవ గెడ దింపుతుంది. పొడుగాటి వెదురుగెడను బురదలో దిగేసి దానికి పడవను కట్టేస్తే, తక్కిన పడవలూ దాన్ని పట్టుకుని నిలుస్తాయి. రెండు గెడలు దింపకూడదు. దింపితే పడవలు ఒకదాన్నొకటి గుంజుకుని తాళ్ళు తెగుతాయి. అందుకని ఒక్క నడిపడవే దింపాలి, తక్కినవాళ్ళు ముట్టుకోకూడదు. ముత్తాతలనాటి పద్ధతి.

చావడివాళ్ళు ప్రతిసారీ మూడు పడవల్లో వచ్చేవాళ్ళు. ఈసారి జనం ఎక్కువై నాలుగు పడవలయ్యాయి.

పెంచలనాథ్ రెండో పడవలో ఉన్నాడు. దాన్ని నడిపేవాడు ఆర్ముగం. కామాక్షక్క నాలుగో పడవ చివర, శాలువా చెవులమీదికి లాక్కుని కూర్చుంది. ఆ పడవ తోకకు తాత తాటిదోనె కట్టి ఉంది. దోనెలో తాత, లాంతరు, ఒక గెడ, అంతే.

పడవలు కట్టుకోవడం అయింది. ఆర్ముగం బీడీ వెలిగించాడు. నీళ్ళు పడవల కింద చిన్నగా గుటకలు వేస్తున్నాయి. ఫోన్లలో సిగ్నల్ లేదు గానీ చావడి ఆగలేదు. నోటితోనే సాగింది.

"ఎంత ప్రశాంతంగా ఉంది!"

"అవును, ఎంత ప్రశాంతం!"

"కాలం ఆగిపోయినట్టుంది."

"అవునవును, ఆగిపోయింది."

పెంచలనాథ్ కాళ్ళు చాపుకుని, పడవ అడుగున ఉన్న దేనిమీదో ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే బాగుంది. నలభై గొంతులు, ఒకటే మాట. జోలపాటకూ దానికీ తేడా లేదు. నిద్రకూ మెలకువకూ మధ్యన ఉన్నాడు. చావడి ఎప్పటికీ ఇలాగే ఉంటే చాలనుకున్నాడు.

అంతలో నాలుగో పడవ నుంచి వినిపించింది. "ఆర్ముగం, గెడ దిగిందా?"

ఆర్ముగం నోట్లో బీడీ ఉంది. అతను నోరు తెరిచేలోపే పడవల నిండా జవాబు వచ్చేసింది.

"దిగింది! దిగింది!"

"దింపకుండా ఉంటారా?"

"అక్కా, ఇక్కడ కూడానా?"

ఎవరో నవ్వారు. ఆర్ముగం మూడో పడవవైపు చూశాడు. అక్కడ పడవవాడు ఇటువైపు చూసి తలూపాడు. ఇంతమంది చెబుతున్నారంటే దిగే ఉంటుంది. ఆర్ముగం బీడీ పీల్చాడు.

"చూసి చెప్పండి. నీళ్ళ చప్పుడు వేరేగా ఉండాది" అంది కామాక్షక్క.

"పెంచలనాథన్నా," అని ఒకతను గొంతు పెంచాడు, "ఈమెతో ఇదే బాధ. చెప్పండి ఆమెకు."

పెంచలనాథ్ కళ్ళు తెరవకుండానే, "అక్కా, కాసేపు ఊరుకో" అన్నాడు.

చివర్లోంచి తాత గొంతు వచ్చింది. మెల్లగా, బాగా దగ్గరగా.

"అమ్మా, నా దోనెలోకి వచ్చెయ్. వాళ్ళను ప్రశాంతంగా ఉండనీ."

ఆమె లేచి దిగిన కుదుపు నాలుగు పడవలకూ తెలిసింది. తాడు విప్పిన చప్పుడు. దోనెలోంచి తాత ఏదో నీళ్ళలోకి దింపిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. చావడి పెద్దగా ఊపిరి పీల్చుకుంది.

*

లాంతరు వెలుగు మంచులో పచ్చగా, గుండ్రంగా ఉంది. మొదట ముంతంత ఉండింది. కాసేపటికి నిమ్మకాయంత అయింది.

"అయ్యో, తాత పోతుండాడే" అన్నారెవరో.

పెంచలనాథ్ లేచి చూశాడు. నిజమే. వెలుగు దూరమవుతోంది. తాము ఉన్నచోటే ఉన్నారు. పక్క పడవ పక్కనే ఉంది, దాని పక్కది దాని పక్కనే ఉంది. అందరి మొహాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కదులుతున్నది ఆ దోనె ఒక్కటే.

"తాతా!" అని కేక వేశాడు. "దూరంగా పోతున్నారు!"

"నేనా?"

"ఆఁ! మేం ఇక్కడే ఉన్నాం!"

"అందరూ అదే అంటుండారా?"

"అందరూ అదే అంటున్నారు!"

"అయితే సరేలే" అంది తాత గొంతు. అప్పటికే సన్నబడిపోయింది.

పడవల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె వెంట ఉంటే ఎవరికైనా ఇంతే, ఆఖరికి తాతను కూడా దూరం చేసింది అని ఒకరు. అవును అని ఇంకొకరు. అవును అని పెంచలనాథ్ కూడా అనబోయాడు. నోరు తెరిచాడు కూడా.

అప్పుడు వినపడింది. ఎక్కడో కింది నుంచి వచ్చినట్టు, పెద్ద జంతువు నిద్రలో గురకపెట్టినట్టు. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"ఏం చప్పుడది?"

"గాలి."

"అవును, గాలే."

పెంచలనాథ్ తన కండువా కొస చూసుకున్నాడు. అది వేలాడుతోంది గానీ కదలడం లేదు. గాలే ఉంటే ఈ మంచు ఇక్కడ కూర్చుంటుందా? సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గరే అలాంటి చప్పుడు ఉంటుంది. పాటు సమయంలో నీళ్ళన్నీ అటే లాగుతాయి. కానీ మొగ ఎక్కడ, తాము ఎక్కడ! బాగా దూరం కదా. అందరూ ఉన్నచోటే ఉన్నారు కదా.

లాంతరు వెలుగు మసకలో కలిసిపోయింది.

అతను వెనక్కి జరిగి కూర్చోబోయాడు. పాదాల కింద ఇందాకటినుంచీ ఆనించుకున్నది దొర్లింది. వంగి తడిమాడు. గుండ్రంగా, నున్నగా, కణుపులు కణుపులుగా తగిలింది.

గెడ. పొడిగా ఉంది.

పెంచలనాథ్ దాన్ని కొసదాకా తడిమి చూశాడు, ఎక్కడా తడి లేదు. ఇన్నాళ్ళూ మూడు పడవలుండేవి, నడిపడవ ఏదో ఎవరూ ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు ఆర్ముగం మూడో పడవను నమ్మాడు, మూడో పడవ ఆర్ముగాన్ని నమ్మింది, నలభైమంది ఒకరినొకరు నమ్మారు.

చెప్పాలి. వెంటనే చెప్పాలి. కానీ ఎలా? చుట్టూ అంత హాయిగా కూర్చున్నారు. ఒకామె సన్నగా ఏదో పాడుతోంది. ఆ హాయిని తన నోటితో పగలగొట్టాలంటే ఎంత భయంగా ఉందో! మొగ భయం వేరు, ఈ భయం వేరు. కామాక్షక్క ప్రతిసారీ ఈ భయాన్ని మింగి మరీ నోరు తెరిచిందని అతనికి అప్పుడు తెలిసింది. తెలిసి, సిగ్గుతో చచ్చిపోయాడు.

"గెడ ఇక్కడ ఉంది" అన్నాడు. అది అతనికే వినపడలేదు.

"గెడ దిగలేదు" అన్నాడు మళ్ళీ.

"అన్నా," అంది పక్కనున్న గొంతు, చిరాగ్గా, "నువ్వు కూడా మొదలుపెట్టొద్దు."

"దిగింది కదన్నా. ఇందాకే అందరం చెప్పుకున్నాం కదా."

"దిగలేదురా!" పెంచలనాథ్ లేచి నిలబడి అరిచాడు. పడవ ఊగింది. "ఇదిగో, నా కాళ్ళ కింద ఉంది! మనం కొట్టుకుపోతున్నాం! ఆర్ముగం!"

ఆర్ముగం బీడీ నీళ్ళలో పారేశాడు. "ఏమిరా, నువ్వు దింపలా?" అని మూడో పడవవాడి మీద కేకవేశాడు.

"నడిపడవ నీది గదా! నువ్వు దింపినావనుకున్నా!"

మాట పూర్తి కాకముందే ఆర్ముగం గెడ అందుకుని పొడిచాడు. అది పోతూనే ఉంది. బారెడు మిగిలింది, జానెడు మిగిలింది. అప్పుడు బురద పట్టింది. తాళ్ళు కిర్రుమన్నాయి. నాలుగు పడవలూ ఒక్కసారి ముందుకు తూగి, నిలిచాయి. నిలిచాక గానీ ఇంతసేపూ పోతున్నామని ఎవరికీ తెలియలేదు. నీళ్ళు పడవల పక్కనుంచి జరజరా పారుతున్నాయి. ముందువైపు ఆ గురక ఇప్పుడు గురకలా లేదు. అలలు విరిగిపడుతున్న చప్పుడు, స్పష్టంగా.

పాడుతున్నామె ఆపేసింది. ఎవరూ అవును అనలేదు, కాదు అనలేదు.

"వెనక్కి పోవాల" అన్నాడు ఆర్ముగం. "యాడికని పోయేది? దిక్కు తెలీడంలా."

పెంచలనాథ్ వెనక్కి తిరిగాడు. అన్నివైపులా ఒకటే తెలుపు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పిలిచాడు. తాతనే పిలవబోయాడు. నోట్లోంచి వచ్చింది వేరే పేరు.

"కామాక్షక్కా!"

తెల్లదనం ఆ కేకను మింగేసింది. మళ్ళీ పిలిచాడు. గొంతు చీరుకుపోయేలా పిలిచాడు.

ఎంతో దూరం నుంచి, దూదిలోంచి వచ్చినట్టు, "ఆఁ!"

"ఎక్కడున్నావక్కా?"

"యాడ వదిలిపెట్టినారో ఆడే! మీరు యాడికి పోయినారు?"

ఆర్ముగం చెవి అటు తిప్పాడు. "ఆ గొంతు ఆగకుండా వస్తే పోగలను. ఆగితే మాత్రం నావల్ల గాదు."

పెంచలనాథ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. చావడి మొత్తం అతని వెనకాల ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా! మాట్లాడతా ఉండు! ఆపొద్దు!"

ఆమెకు వినపడలేదేమో అనుకున్నాడు. వినపడింది.

"ఏం మాట్లాడమంటావు?"

"నీ ఇష్టం! నువ్వేదంటే అది!"

దూరంగా తాత నవ్వు వినిపించింది. నవ్వు వెనకాలే ఆమె గొంతు, ముందుకంటే గట్టిగా.

"సరే, విను! కోపమనేదే ఉండకూడదని మొన్న చావడిలో పెద్ద వ్యాసం రాసినావే, దాంట్లో నేనొప్పుకోని మాటలు చెప్తా! మొదటిది..."

ఆర్ముగం గెడ పైకి లాగి, తక్కిన పడవవాళ్ళతో కలిసి తెడ్లేసి పడవలను ఆ గొంతువైపు తిప్పాడు. పెంచలనాథ్ పడవ అంచున కూర్చుని, ఒక్క మాట కూడా జారిపోకుండా వింటున్నాడు.